కంటికి ఆనని పొగ

(శ్రీకాకుళంలో లారీ యజమానులు, డ్రైవర్లు, పాలిటెక్నిక్ విద్యార్థులు కూడిన సభలో ఒక డీజిల్ పంపు మేస్త్రి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇటువైపు బల్లలు ఖాళీగా ఉన్నాయి. డ్రైవరన్నలు రాత్రంతా బండి తోలి వచ్చుంటారు, కూర్చోండి.

నాది నరసన్నపేట దగ్గర హైవే పక్కన చిన్న షెడ్డు. ముప్పై రెండేళ్లుగా డీజిల్ పంపులు విప్పి, కేలిబ్రేషన్ బెంచీ మీద పెట్టి, సరిచేసి బిగిస్తున్నాను. ఇప్పుడు పదహారో నంబరు అంటున్న ఈ రోడ్డు ఐదో నంబరుగా ఉన్నప్పట్నించీ నేనక్కడే ఉన్నాను. మీలో సగంమంది బళ్లు నాకు తెలుసు. కొన్ని బళ్లు అయితే చప్పుడు వింటేనే ఎవరివో చెప్పగలను.

నన్ను పొల్యూషన్ టెస్టు గురించి మాట్లాడమన్నారు. అంతకన్నా ముందు మీకొకటి చెప్పుకోవాలి. పాత మైకో పంపు బళ్ల కాలంలో, ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్షకి, రెండ్రోజుల ముందు బండి నా షెడ్డుకొచ్చేది. "మేస్త్రీ, పంపు కాస్త తగ్గించు. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూశాక మళ్లీ పెంచేద్దువుగాని" అనేవారు. పంపు మీద, ఇంతకు మించి డీజిల్ వెళ్లకూడదని ఆపే స్క్రూ ఒకటుంటుంది. కంపెనీవాళ్లు దానికి తీగ చుట్టి సీసం సీలు వేసి పంపిస్తారు. ఆ సీలు నేను తెంపేవాణ్ని. తగ్గిస్తే బండి పొగ లేకుండా టెస్టు దాటేది. మూడోనాడు తిరిగొచ్చేది, మళ్లీ పెంచేవాణ్ని. రెండుసార్లూ కూలి తీసుకున్నాను. ఎన్ని బళ్లకు చేశానో లెక్క లేదు. అది తప్పు. ఈ మాట చెప్పకుండా టెస్టు గురించి మీకు చెప్పే అర్హత నాకు లేదు.

మా మావయ్య సాలూరు లారీల మీద డ్రైవరు. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ అప్పట్లో విజయనగరం జిల్లాయే. ఘాట్ ఎక్కి కోరాపుట్ మీదుగా రాయపూర్ దాకా లోడు తోలేవాడు. ఘాట్‌లో ముందు బండి వదిలే పొగంతా వెనక బండి క్యాబిన్‌లోకే వస్తుంది. అద్దం ఎత్తితే ఉక్క, దించితే పొగ. బీడీ ముట్టని మనిషి, యాభై దాటకుండానే పది మెట్లెక్కితే ఆయాసపడేవాడు. పొగ వల్లేనని డాక్టరు రాసివ్వలేదు, నేనూ అనను. కానీ 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను, మనిషికి కేన్సర్ తెస్తాయని రుజువైన వాటి జాబితాలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న జాబితా అది. ఆ వార్త పేపర్లో చదివిన రోజున మావయ్య మా ఇంటి అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఆ రోజు నుంచి నేను సీలు తెంపలేదు.

సరే, టెస్టులోకి వద్దాం. పాలిటెక్నిక్ పిల్లలు పుస్తకంలో చదివే ఉంటారు, డ్రైవరన్నల కోసం మొదట్నుంచీ చెబుతాను.

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దున్నే సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలు తాకుతాయి. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ క్షణంలో మబ్బు అడ్డం వస్తే కిరణం లోపలికి రాదు, పల్చటి మబ్బయితే మసగ్గా వస్తుంది. స్మోక్ మీటరు చేసే పని సరిగ్గా ఇదే. ఒక గొట్టానికి ఒక కొస దీపం, రెండో కొస వెలుతురు కొలిచే కన్ను. మధ్యలోకి మీ సైలెన్సరు పొగ పంపిస్తారు. బయల్దేరిన వెలుతురులో ఎంత చేరింది, ఎంత ఆగిపోయింది అన్నదే లెక్క.

ఆ గొట్టం పొడవు లెక్కకు 43 సెంటీమీటర్లు. నూరు పాళ్ల వెలుతురులో 65 పాళ్లు ఆ మధ్యలోనే ఆగిపోతే దాన్ని 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు అంటారు. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి ఎంత పొగ వదలొచ్చో ప్రభుత్వం పెట్టిన మెట్లు; నంబరు పెరిగేకొద్దీ హద్దు బిగుస్తుంది. బీఎస్-4 కంటే ముందు వచ్చిన డీజిల్ బళ్లకు హద్దు అదే. బీఎస్-4 బళ్లకు హద్దు 50. అంటే వెలుతురులో సగం దాకా ఆపొచ్చు, సగం దాటితే ఫెయిలు. మీకిచ్చే కాగితం మీద ఇవే లెక్కలు 2.45, 1.62 అని వేరే కొలతలో ఉంటాయి. గొట్టం పొడవుతో పనిలేకుండా, మీటరు దూరం పొగకు ఎంత చిక్కదనమో చెప్పే కొలత అది. 2.45 అన్నా 65 అన్నా ఒకటే, కంగారుపడకండి.

ఇప్పుడు టెస్టు ఎలా చెయ్యాలో వినండి. ఇంజన్ చల్లగా ఉండకూడదు. ఆయిలు కనీసం 60 డిగ్రీలకు వేడెక్కాలి. అందుకే డిప్‌స్టిక్ తీసి ఆ చోట టెంపరేచర్ వైరు దింపుతారు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. సైలెన్సరులోకి మీటరు గొట్టం పెట్టాలి. అప్పుడు ఎక్సలేటర్ ఒక్కసారిగా, పూర్తిగా, కింద దాకా తొక్కాలి. ఇంజన్ గవర్నరు ఆపే వేగం దాకా ఎగిరి, అక్కడ నిలిచాక వదలాలి. మళ్లీ తొక్కాలి, మళ్లీ వదలాలి. ఇలా కొన్నిసార్లు చేసి, కొలతలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చాక సగటు తీస్తారు. బండి మీద లోడు లేదు కదా, మరి ఇంజన్‌కి బరువేది? సొంత ఫ్లైవీలే దానికి బరువు. మెల్లగా తిరుగుతున్న ఫ్లైవీలుని ఒక్కసారిగా పరిగెత్తించడానికి పంపు గుప్పెడు డీజిల్ కుమ్మరిస్తుంది. గాలి అంత త్వరగా అందదు. ఆ రెండు సెకండ్లలో ఇంజన్ లోపలి గుట్టంతా పొగై బయటికొస్తుంది.

కాలు సగమే తొక్కితే ఆ గుట్టు బయటపడదు. మెల్లగా తొక్కినా బయటపడదు. ఈ సంగతి తొక్కేవాడికి తెలుసు, కొలిచేవాడికీ తెలుసు.

మా తమ్ముడి బండికి ఒకసారి పొల్యూషన్ కాగితం కావాల్సొచ్చింది. నేనే తోడు వెళ్లాను. ఎక్కడో చెప్పను. అక్కడి కుర్రాడు నంబరు ప్లేటు ఫోటో తీసుకున్నాడు, డబ్బు తీసుకున్నాడు, కాగితం ఇచ్చాడు. మీటరు గొట్టం గోడకి వేలాడుతూనే ఉంది. కాగితం మీద మాత్రం కొలత ఉంది, పాయింటు తరువాత రెండంకెలతో సహా. నాకు చాలా బాధేసింది. బీపీ పట్టీ చేతికి చుట్టకుండా నూట ఇరవై బై ఎనభై అని రాసిచ్చే డాక్టరు దగ్గరికి మనం మళ్లీ వెళ్తామా? ఇక్కడ మాత్రం వెళ్తాం. ఇంకో పది బళ్లు పంపిస్తాం.

చట్టం ఈ విషయంలో చెయ్యాల్సింది కొంత చేసింది. 2021 జూన్‌లో దేశమంతటికీ ఒకే రకం సర్టిఫికెట్ తెచ్చారు, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫెయిలైన బండికి రిజెక్షన్ స్లిప్పు ఇవ్వాలని కూడా అప్పుడే పెట్టారు. బీఎస్-4 కంటే పాత బండికి ఆరునెలలకోసారి, బీఎస్-4 నుంచి ఏడాదికోసారి టెస్టు. కొలతల కంటే ఎక్కువ పొగ వదిలితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు మూడు నెలలు పోతుంది. ఇవన్నీ మీకు తెలిసినవే.

రిజెక్షన్ స్లిప్పు గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని అందరూ అవమానంగా చూస్తున్నారు. నాకు అది రక్తపరీక్ష కాగితంతో సమానం. ఆ స్లిప్పు పట్టుకుని ఎవరైనా వస్తే నా పని సగం అయిపోయినట్టే. నల్లపొగ అంటే సరిగా కాలని డీజిల్. మీరు లీటరు లెక్కన కొన్న డీజిలే మసై గాల్లోకి పోతోంది. ఎందుకు కాలలేదు? గాలి చాలకపోయి ఉండాలి, లేదా డీజిల్ ఎక్కువై ఉండాలి, లేదా నాజిల్ సన్నగా చిమ్మకుండా చుక్కలు కారుస్తుండాలి. తెల్లపొగయితే డీజిల్ అంటుకోకుండానే ఆవిరై వస్తోంది. నీలిపొగయితే ఇంజన్ ఆయిలు తాగుతోంది. నలుపు, తెలుపు, నీలం, ఈ మూడు రంగులూ చూడ్డం వస్తే డ్రైవరు సగం మేస్త్రి.

టెక్కలి గ్రానైటు క్వారీల్లో తిరిగే బండి ఒకటి ఫెయిలై వచ్చింది. పంపు విప్పేయమన్నాడు యజమాని. నేను ముందు ఎయిర్ ఫిల్టరు తీయించాను. రాతిపొడి అట్టలా కట్టేసి ఉంది, చేత్తో కొడితే పెచ్చులూడింది. కొత్త ఫిల్టరు వేసి, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో నుంచి వెళ్లే రబ్బరు పైపు ఒకచోట చిరిగితే మార్చి, మళ్లీ పంపించాను. పాసైంది. పంపు ముట్టుకోలేదు. క్వారీ బళ్లు తోలే అన్నలారా, మీ ఫిల్టరు గడువు కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు కాదు. ఆ పుస్తకం రాసినవాళ్లు మన క్వారీ దుమ్ము చూసి రాయలేదు.

ఇంతవరకూ చెప్పింది కంటికి కనిపించే పొగ సంగతి. ఇప్పుడు చెప్పబోయేదాని కోసమే నిజానికి నేనొచ్చాను.

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4. మూడు రోజుల ముందు, మార్చి 29న, సుప్రీంకోర్టు బీఎస్-3 బళ్ల అమ్మకం ఆపేయడం మీకు గుర్తుండే ఉంటుంది, షోరూముల్లో ఎంత గందరగోళమైందో. ఆ తరువాత 5 అనేదే లేకుండా 2020 ఏప్రిల్ 1కి నేరుగా బీఎస్-6కి దూకాం. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. గంధకం ఎందుకు తగ్గించారంటే, బండి కింద కొత్తగా పెట్టిన సామాను దాన్ని తట్టుకోలేదు కాబట్టి.

ఆ సామాను ఏమిటి? పాత బండికి సైలెన్సరు అంటే చప్పుడు తగ్గించే డబ్బా. బీఎస్-6 బండికి అదొక చిన్న రసాయనాల ఫ్యాక్టరీ. మొదట మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్. మసి నిండితే తనను తాను ఆరు వందల డిగ్రీల దగ్గర వేడి చేసుకుని దాన్ని కాల్చేసుకుంటుంది, అదే రీజనరేషన్. తరువాత ఎస్‌సీఆర్. అక్కడ డెఫ్, మనం యాడ్‌బ్లూ అంటున్న నీళ్లు, పొగ మీద చిమ్ముతుంది. ఆ నీళ్లలో 32.5 శాతం యూరియా. వేడికి యూరియా అమ్మోనియా అవుతుంది. ఆ అమ్మోనియా పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకుని మామూలు నైట్రోజన్‌గానూ నీటి ఆవిరిగానూ మార్చేస్తుంది. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు వంతులు ఆ నైట్రోజనే.

నైట్రోజన్ ఆక్సైడ్లంటే ఏమిటని అడుగుతారు. వాటికి నల్లరంగు లేదు, మసి లేదు. ఇంజన్ ఎంత బాగా, ఎంత వేడిగా మండితే అవి అంత ఎక్కువ పుడతాయి. నల్లపొగకు, వీటికి మధ్య ఉండే పేచీ ఇదే. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. ఈ ఆక్సైడ్లు ఊపిరితిత్తుల్లో మంట పెడతాయి. ఎండలో ఇతర వాయువులతో కలిసి ఓజోన్ తయారుచేస్తాయి. ఓజోన్ ఆకాశంలో పైన ఉంటే మనకు గొడుగు. నేల మీద ఉంటే మనిషికి ఆయాసం, పైరు ఆకుకు దెబ్బ. ఈ హాల్లో సగంమందికి లారీతో పాటు వరి మడి కూడా ఉంది. అందుకే ఈ మాట ఎత్తాను.

పెద్ద ఇంజన్‌కి బీఎస్-4లో ఈ ఆక్సైడ్లు ఒక యూనిట్ పనికి 3.5 గ్రాముల దాకా వదలొచ్చు. బీఎస్-6లో 0.46 గ్రాములే, అదీ ముప్పై నిమిషాల పాటు వేగం, బరువు మారుస్తూ నడిపే పరీక్షలో. ఆ పరీక్ష పుణే, మానేసర్ లాంటి చోట్ల ఇంజన్‌ని ఒక్కదాన్నే డైనమోమీటరు బెంచీకి బిగించి చేస్తారు. కారయితే కారంతా రోలర్ల మీద ఎక్కిస్తారు. లారీ ఇంజన్ ఒకటే అయినా ఒకచోట టిప్పరవుతుంది, ఒకచోట ట్యాంకరవుతుంది, ఒకచోట బస్సవుతుంది. అందుకని ఇంజన్‌కే పరీక్ష.

మరి మన పొల్యూషన్ కేంద్రంలో ఈ ఆక్సైడ్లు కొలుస్తారా? డీజిల్ బండికి కొలవరు. అక్కడున్నది వెలుతురు మీటరు. ఎస్‌సీఆర్ పూర్తిగా చచ్చిపోయిన బండిని తీసుకెళ్లండి, మీటరు సున్నా దగ్గర్లో చూపిస్తుంది. డీపీఎఫ్ లోపలి తేనెతుట్టె పీకేసి ఖాళీ డబ్బా బిగించిన బండిని తీసుకెళ్లండి, కొత్త ఇంజన్ కాబట్టి చాలాసార్లు అదీ పాసైపోతుంది. సర్టిఫికెట్ అబద్ధం కాదు, కొలత నిజమే. బండి మాత్రం తనకు పెట్టిన హద్దుకు ఎన్నో రెట్లు విషం వదులుతూ మడపాం టోల్‌గేటు దాటిపోతుంది. నాకు నిద్రపట్టనివ్వని సంగతి ఇది. నా రోజుల్లో చేసిన తప్పు కనీసం కంటికి కనిపించేది. రోడ్డు మీద పోలీసు చూసి ఆపేవాడు, స్కూలు పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఇప్పుడు చేస్తున్న తప్పుకు సాక్షి లేడు.

ఎలా చేస్తున్నారో చెబుతాను, మీకు తెలియదని కాదు. అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి దొరుకుతోంది. వైరింగులో కలిపితే చాలు, డెఫ్ చిమ్ముతోందని, ఆక్సైడ్లు తగ్గాయని ఇంజన్ కంప్యూటరుకి దొంగ సమాచారం పంపిస్తూ ఉంటుంది. నా షెడ్డుకి వారానికొకరైనా వచ్చి బిగించమని అడుగుతారు. ఎందుకు బిగించుకుంటారు? డెఫ్ అయిపోతే, లేదా పనిచెయ్యకపోతే కంప్యూటరు ముందు దీపం వెలిగిస్తుంది, తరువాత ఇంజన్ బలం పాతిక శాతం తగ్గిస్తుంది, అప్పటికీ వినకపోతే గంటకు 20 కిలోమీటర్లకు కట్టేస్తుంది. లోడుతో, చీకట్లో, హైవే మీద 20 కిలోమీటర్ల వేగం ఎంత భయమో నాకు తెలుసు. డ్రైవరు భయాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అలా కట్టేయడానికి కారణం వెతికితే నూటికి తొంభైసార్లు నాకు కనిపించేది కల్తీ డెఫ్, తెగిన వైరు, గడ్డకట్టిన ఇంజెక్టరు. అవి బాగుచెయ్యదగ్గవి.

కల్తీ డెఫ్ అన్నాను కదా, అది ఇంటి సంగతి. రైతు సేవా కేంద్రంలో దొరికే 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అదీ యూరియాయే, ఇదీ యూరియాయే, బోరు నీళ్లలో కలిపి పోసేస్తే ఏటవుతుంది అని ఒక టిప్పరు కుర్రాడు పోసేశాడు. నాయనా, 2015 నుంచి మన దేశంలో ఎరువు యూరియా అంతటికీ వేపనూనె పూత ఉంటుంది. నేలలో మెల్లగా కరగాలని, పక్కదారి పట్టకూడదని ఆ పూత. గుళికలు గడ్డకట్టకుండా ఇంకేవో కలుపుతారు. బోరు నీళ్లలో సున్నం ఉంటుంది. ఇవన్నీ వేడి ఎస్‌సీఆర్ మీద పడితే తేనెతుట్టె గదులన్నీ పూడిపోతాయి. ఆ కుర్రాడి బండి విప్పితే ఇంజెక్టరు మూతి దగ్గర తెల్లటి రాయి, పటికబెల్లం ముక్కలా. మొత్తం మార్చాల్సొచ్చింది, లక్షల్లో పోయింది. పైగా రైతు వాటా యూరియా బండికి మళ్లించడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరం. నాట్ల రోజుల్లో ఒక్క బస్తా కోసం ఆధార్ కార్డు పట్టుకుని లైన్లో నిలబడే మనిషి మీ ఇంట్లోనే ఉంటాడు, ఆయన్ని తల్చుకోండి.

అసలు డెఫ్ కొన్నా జాగ్రత్తలున్నాయి. ఎండలో పెట్టకండి, మన వేసవికి అది చెడిపోతుంది. ఇత్తడి బిందె, ఇనప డబ్బా వాడకండి, లోహం కరిగి కలుస్తుంది. వచ్చిన డబ్బాలోంచి నేరుగా ట్యాంకులో పొయ్యండి.

ఎస్‌సీఆర్‌కి వేడి కావాలని కూడా గుర్తుంచుకోండి. పొగ రెండు వందల డిగ్రీలకు రాకపోతే కంప్యూటరు డెఫ్ చిమ్మదు. లోడుతో సాలూరు ఘాట్ ఎక్కే బండికి ఆ బాధ లేదు, అది హాయిగా పనిచేస్తుంది. ఏసీ కోసమో, బద్ధకానికో గంటలతరబడి ఊరికే ఆన్‌లో పెట్టిన బండికి వస్తుంది తంటా. పొగ చల్లగా ఉంటుంది, డెఫ్ పడదు, మసి మాత్రం డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. లోడు కోసం లైన్లో ఉంటే ఇంజన్ ఆపేయండి.

ఇలాంటి మోసం మన దగ్గరే పుట్టిందనుకోవద్దు. 1998లో అమెరికాలో లారీ ఇంజన్లు చేసే ఏడు పెద్ద కంపెనీలు పట్టుబడ్డాయి. పరీక్షలో ఒకలా, హైవే మీద నిలకడగా పరిగెత్తేటప్పుడు ఇంకోలా నడిచేట్టు కంప్యూటరుకి రాసిపెట్టారు. డీజిల్ ఆదా అయ్యేది, ఆక్సైడ్లు పెరిగేవి. 8 కోట్ల 34 లక్షల డాలర్ల జరిమానా పడింది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ కార్ల సంగతి ప్రపంచమంతా విన్నదే. ఒక యూనివర్సిటీవాళ్లు కొలిచే యంత్రాన్ని కారులోనే పెట్టుకుని రోడ్డు మీద తిరిగితే బయటపడింది. ఇప్పుడు మన దగ్గర కూడా 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలు అలాంటి యంత్రం పెట్టి రోడ్డు మీద కొలిచి చూపించాలి. కంపెనీ వైపు తలుపు చాలావరకు మూసుకుంది. తెరిచి ఉన్నది మన వైపు తలుపు, మన షెడ్ల వైపు తలుపు.

కాలిఫోర్నియాలో లారీలకు ఏం చేస్తున్నారో నేను శ్రద్ధగా చదివాను, ఎందుకంటే మన రోడ్డులాగే అక్కడా ఇతర రాష్ట్రాల బళ్లు వేలకొద్దీ వస్తాయి. 2019లో చట్టం చేశారు. 2025 నుంచి దాదాపు పెద్ద బళ్లన్నీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించుకోవాలి. 2013, ఆ తరువాతి డీజిల్ ఇంజన్ ఉన్న బండయితే పొగ కొలవరు. బండి కంప్యూటరుకి వైరు పెట్టి, ఎస్‌సీఆర్, డీపీఎఫ్, సెన్సార్లు ఏమంటున్నాయో చదువుతారు. పాత బండయితే మనలాగే పొగ మీటరు, దాంతో పాటు సామాను అంతా ఉందా పీకేశారా అని కంటితో చూడ్డం. బయట రాష్ట్రం బండికీ అదే నియమం. రోడ్డు పక్కన పొగను పసిగట్టే యంత్రాలు పెట్టి, అనుమానం వచ్చిన బండిని పిలిపిస్తారు. జర్మనీలో 2023 జూలై నుంచి కొత్త డీజిల్ బళ్లకు పొగ చిక్కదనం వదిలేసి, ఒక్కో ఘన సెంటీమీటరు పొగలో ఎన్ని రేణువులున్నాయో లెక్కపెడుతున్నారు. ఖాళీ డీపీఎఫ్ డబ్బా అక్కడ ఒక్క నిమిషం దాగదు.

మన ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో, మన ఎఫ్‌సీ గ్రౌండులో ఇలా ఎందుకు చెయ్యకూడదు? వైరు పెట్టి చదివే పరికరం నా షెడ్డులోనే ఉంది, అదేం ఆకాశం నుంచి దిగాల్సింది కాదు. ఎఫ్‌సీ ఎలాగూ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తరువాత ఏటేటా చేయించుకుంటున్నాం. అదే రోజు ఆ వైరు కూడా పెట్టమని మన సంఘం తరఫున రవాణాశాఖను మనమే అడగాలని నా కోరిక. వాళ్లు వచ్చి మన మీద రుద్దేదాకా ఆగితే అది జరిమానాగానే వస్తుంది.

యజమానులకు ఇంకో మాట. ఆ దొంగ సమాచారం పంపే డబ్బా బిగించారో లేదో తెలుసుకోవడానికి మీకు మేస్త్రి అక్కర్లేదు. బీఎస్-6 బండి నూరు లీటర్ల డీజిల్‌కి సుమారు నాలుగైదు లీటర్ల డెఫ్ తాగుతుంది. డీజిల్ బిల్లుల పక్కన డెఫ్ బిల్లులు పెట్టి చూడండి. డెఫ్ బిల్లు లేదంటే బండి తాగడం లేదనే. మీకు తెలియకుండా జరిగినా చట్టం ముందు నిలబడేది మీరే. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు జరిమానా, లేదా రెండూ అని 182-ఏ సెక్షన్ చెబుతోంది.

అడగండి, ఎవరో చెయ్యెత్తారు.

(సభలోంచి ఒక డ్రైవరు: "మేస్త్రిగారూ, దారిలో రీజనరేషన్ దీపం వస్తే బండి పక్కన పెట్టి అవ్వనివ్వాలంటారు. డీజిలు కాలిపోతంది, ఆపేయ్ అని ఓనరు తిడతాడు. మరేటి సెయ్యమంటారు?")

మంచి ప్రశ్న, తమ్ముడూ. ఆపొద్దు. ఆపేస్తే సగం కాలిన మసి అలాగే ఉండిపోతుంది, రేపు మళ్లీ మొదలవుతుంది, డీజిల్ రెండింతలవుతుంది. నాలుగుసార్లు ఆపితే ఫిల్టరే మూసుకుపోతుంది. మీ ఓనరు ఈ హాల్లోనే ఉంటే ఆయనకూ ఇదే చెబుతున్నాను. కాకపోతే ఎక్కడ పెడుతున్నావో చూసుకో. ఆ సమయంలో సైలెన్సరు మూతి నిప్పులా ఉంటుంది. సంక్రాంతి ముందు రోడ్డు పక్కనే నూర్పులు, గడ్డి మేట్లు. కళ్లం పక్కన, ఎండుగడ్డి మీద బండి ఆపి రీజనరేషన్ పెట్టకు. ఖాళీ మట్టి నేల చూసుకో.

(ఒక పెద్దాయన: "మాది 2009 బండి బాబూ. బీఎస్-6 కొనే తాహతు లేదు. మాబోటోళ్లం ఏటైపోవాలి?")

అన్నా, మీ బండి నాకు తెలుసు. తీసేయమని నేననను. పాత బండి కూడా తన హద్దులో తాను ఉండొచ్చు. ఫిల్టరు, నాజిళ్లు, టర్బో పైపులు సరిగా ఉండి, పంపు కంపెనీ పెట్టిన చోట ఉంటే 65 లోపు రావడం కష్టమేమీ కాదు. లోడు మాత్రం పాసింగు మేరకే వెయ్యండి. పంపు పెంచమని మీరు ఎందుకు అడుగుతారో నాకు తెలుసు, ఓవర్‌లోడుతో ఎత్తు ఎక్కదనే కదా. పెంచిన పంపుకి పొగే కాదు, పిస్టన్లు కూడా కరుగుతాయి.

ఈ అన్న బండి పంపు సీలు తెంపింది నేనే. 2012 సంక్రాంతి ముందు, ఎఫ్‌సీ అయిన మర్నాడు. పెంచి వదిలేశాను, అప్పట్నుంచీ అలాగే తిరుగుతోంది. బయట గ్రౌండులో మీటరు పెట్టించాను. పాలిటెక్నిక్ పిల్లలు దగ్గరుండి చూస్తారు, కొలత ఎంత వస్తే అంత పెద్దగా చదువుతారు. అన్నా, మీ బండి స్టార్ట్ చేసి ఒక పదిహేను నిమిషాలు అలా కలెక్టరాఫీసు దాకా తిప్పి తీసుకురండి, ఆయిలు వేడెక్కాలి. మొదట ఉన్నదున్నట్టు కొలుద్దాం. తరువాత స్క్రూ నేను సరిచేసి, మళ్లీ కొలిచి సీలు వేస్తాను. కూలి వద్దు. సీలు తీగ, సీసం తెచ్చాను.